మరమ్మతు ఆగని కాలేయం

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులనూ వారి అధ్యాపకులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరబద్ధం చేశాం.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం కాలేయ క్యాన్సర్‌లో కణ సంకేత మార్గాల పాత్ర. ఆ పేరు చదవగానే వెనక వరుసల్లో కొందరు తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకోవడం నేను గమనించాను. వారిని తప్పుపట్టను. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఈ పాఠం దగ్గరే కునుకు తీసేవాణ్ణి. పుట నిండా బాణం గుర్తులు, ప్రతి బాణం చివరా మూడు నాలుగు అక్షరాల పేరు, ఆ పేరు నుంచి మళ్లీ మరో బాణం. ఆ పటాన్ని ఈరోజు తెర మీద వేయను. అవసరమైన పేర్లు అవసరమైన చోట చెబుతాను, మిగిలినవి పుస్తకంలో ఉంటాయి.

ఒక ప్రయోగంతో మొదలుపెడతాను. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు శస్త్రచికిత్సతో తీసివేసి, ఆ తర్వాత ఏమవుతుందో చూశారు. కోసిన తమ్మెలు తిరిగి మొలవలేదు గాని, మిగిలిన తమ్మెలే పెరిగి, వారం పది రోజుల్లో కాలేయం దాదాపు మునుపటి బరువుకు వచ్చింది. మనుషుల్లోనూ అంతే. బతికున్న దాత కాలేయంలో సగానికి పైగా తీసి రోగికి అమర్చినప్పుడు, కొన్ని నెలల్లో ఇద్దరి కాలేయాలూ పెరుగుతాయి. ఇది మీరు విన్న సంగతే. అయితే ఈ కథలో మనం ఎప్పుడూ సగమే చెప్పుకుంటాం. కాలేయం పెరుగుతుందని చెప్పుకుంటాం, అది ఆగుతుందని చెప్పుకోం. ఒక్కసారి ఆలోచించండి. ఎందుకు ఆగింది? ఎవరు ఆగమన్నారు? మన పిల్లలమర్రి ఉంది కదా, ఊడ దిగిన చోటల్లా కొత్త మానై ఎకరాల కొద్దీ పరచుకుంది, ఎంత చోటిస్తే అంత పాకుతుంది. కాలేయం అలా పాకదు. ఆ ఒంటికి ఎంత కాలేయం కావాలో అంతవరకే పెరిగి నిలిచిపోతుంది.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ నిలిచిపోవడం గురించి. క్యాన్సర్ కోసమని శరీరంలో కొత్త సంకేత మార్గమేదీ పుట్టదు. ఆ ఎలుకలో కాలేయాన్ని తిరిగి నిలబెట్టిన మార్గాలే క్యాన్సర్ గడ్డనూ పెంచుతాయి. మరమ్మతు చేసే పనివాళ్లు వాళ్లే, పనిముట్లు అవే. పని ఆపమనే మాట మాత్రం వారికి చేరడం లేదు, లేదా చేరినా వారు వినే స్థితిలో లేరు.

సంకేతం అంటే ఏమిటో ముందు చూద్దాం. ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు ఇంట్లోకి రాడు. వీధిలోనే చెబుతాడు, గడపలో ఉన్నవారు విని లోపలివారికి అందిస్తారు, లోపలివారు పనికి లేస్తారు. కణం దగ్గరా జరిగేది ఇదే. హెచ్‌జీఎఫ్ అనే వృద్ధి కారకం వంటి ఒక అణువు కణం లోపలికి రాదు, కణపు పొర మీద ఉన్న గ్రాహకాన్ని తాకుతుంది. హెచ్‌జీఎఫ్‌ను అందుకునే గ్రాహకం పేరు మెట్. అది మేల్కొని లోపలి వైపున్న రాస్ అనే ప్రొటీన్‌ను లేపుతుంది. రాస్ రాఫ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను లేపుతాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి విభజనకు కావలసిన జన్యువులను పనిలోకి దింపుతుంది. అదే గ్రాహకం నుంచి మరో దారి పీఐత్రీ కైనేజ్, ఏకేటీ, ఎంటార్ అనే వరుసలో సాగి, కణానికి తిండి సమకూర్చుకోమనీ, ప్రొటీన్లు తయారుచేసుకోమనీ, ఇప్పుడే చావవద్దనీ చెబుతుంది. ఈ లేపడం అనేది చాలాచోట్ల ఒక చిన్న ఫాస్ఫేట్ ముక్కను తగిలించడమే. తగిలించే ఎంజైములు కైనేజులు, ఊడదీసేవి ఫాస్ఫటేజులు.

ఊడదీసేవి అన్నాను, విన్నారా? పాఠం చెప్పేటప్పుడు మనం కైనేజులకు ఇచ్చే గౌరవం ఫాస్ఫటేజులకు ఇవ్వం. నిజానికి ప్రతి సంకేతంలోనూ దాన్ని ఆర్పే ఏర్పాటు ముందే ఉంటుంది. రాస్ తనంతట తానే, కాస్త సాయంతో, ఆరిపోతుంది. పీఐత్రీ కైనేజ్ చేసిన పనిని పీటెన్ అనే ప్రొటీన్ చెరిపివేస్తుంది. మేల్కొన్న గ్రాహకాన్ని కణం లోపలికి లాగి అరిగించేస్తుంది. చాటింపు ఎంత అవసరమో, చాటింపు విన్న తర్వాత ఊరు మళ్లీ సద్దుమణగడమూ అంతే అవసరం.

కాలేయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే మార్గం గురించి కొంచెం తీరిగ్గా చెబుతాను. దాని పేరు వింట్. ఈ పేరు వెనక చిన్న కథ ఉంది. 1982లో నుస్సె, వార్మస్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల రొమ్ము కణితిలో ఇంట్-1 అనే జన్యువును గుర్తించారు. తర్వాత చూస్తే, చెడిపోతే పండ్లఈగలకు రెక్కలు రాకుండా పోయే వింగ్‌లెస్ అనే జన్యువూ ఇదీ ఒకటేనని తేలింది. రెండు పేర్లనూ కలిపి వింట్ అన్నారు. రెక్కల్లేని ఈగకూ మన కాలేయానికీ సంబంధమేమిటి అంటారా? ప్రాణులలో సంకేత మార్గాలు అంత పాతవి, అంత ఉమ్మడివి.

వింట్ మార్గంలో అసలు పాత్ర బీటా-క్యాటెనిన్ అనే ప్రొటీన్‌ది. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మన చెరువుల దగ్గరికి వెళ్దాం. చెరువులోకి వాగు నుంచి నీరు వస్తూనే ఉంటుంది, నిండిన నీరు అలుగు మీదుగా పోతూనే ఉంటుంది. అందువల్ల నీటిమట్టం అలుగు ఎత్తును దాటదు. కణంలో బీటా-క్యాటెనిన్ కూడా ఇంతే, నిరంతరం తయారవుతుంది, నిరంతరం నాశనమవుతుంది. నాశనం చేసే అలుగు వంటి ఏర్పాటులో ఏపీసీ, యాక్సిన్, రెండు కైనేజులు కలిసి ఉంటాయి. అవి బీటా-క్యాటెనిన్ మీద ఫాస్ఫేట్ గుర్తు వేస్తాయి, గుర్తు పడినదాన్ని కణం చెత్తలో వేస్తుంది. వింట్ సంకేతం వచ్చినప్పుడు ఏమవుతుంది? అలుగుకు కాసేపు అడ్డుకట్ట పడుతుంది. మట్టం పెరుగుతుంది. పెరిగిన బీటా-క్యాటెనిన్ కేంద్రకంలోకి ప్రవేశించి జన్యువులను మేల్కొలుపుతుంది. సంకేతం తగ్గగానే అడ్డుకట్ట తీసేస్తారు, మట్టం దిగుతుంది. వెనకటికి మన ఊళ్లలో ఈ లెక్క చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. మీలో ఎంతమంది ఊళ్లలో ఇప్పటికీ నీరటి ఉన్నాడో చేతులెత్తండి. ఆ, నలుగురైదుగురు. పరవాలేదు, నేను ఇంకా తక్కువ అనుకున్నాను.

ఆరోగ్యవంతమైన కాలేయంలో వింట్‌కు రోజువారీ పని ఉంది. కాలేయంలోని చిన్నచిన్న సిరల చుట్టూ ఉన్న కణాలకు అది అందుతుంది, ఆ కణాలు గ్లుటమిన్ తయారీ వంటి తమకు ప్రత్యేకమైన పనులు చేస్తాయి. అదే సంకేతం అందని కణాలు వేరే పనులు చేస్తాయి. అంటే ఒకే అవయవంలో వాడలవారీగా పని పంచిపెట్టేది వింట్. కాలేయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్లలో దాదాపు 30 శాతంలో ఈ బీటా-క్యాటెనిన్ జన్యువులోనే మ్యుటేషన్, అంటే రాతలో మార్పు, కనిపిస్తుంది. ఆ మ్యుటేషన్ ఎక్కడ పడుతుందో చూడండి, సరిగ్గా ఫాస్ఫేట్ గుర్తు వేసే చోట. గుర్తు వేయడానికి స్థలమే లేదు. అలుగు బాగానే ఉంది, నీరే అలుగును గుర్తించడం లేదు. ఇంకో 10 శాతం గడ్డల్లో నీరు మామూలుదే, యాక్సిన్ చెడిపోయింది, అంటే అలుగు మూసుకుపోయింది. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎక్కువగా చెడిపోయేది ఏపీసీ, కాలేయంలో మాత్రం ఏపీసీ చెడడం అరుదు. ఒకే చెరువు, మూడు చోట్ల చెడవచ్చు. ఏ అవయవంలో ఏ చోటు చెడుతుందో వేరువేరుగా ఉంటుంది.

మరి మొదట అడిగిన ప్రశ్న సంగతేమిటి, కాలేయం తన కొలతను ఎలా తెలుసుకుంటుంది? దీనికి పూర్తి జవాబు ఇంకా తయారవుతూనే ఉంది. ఒక పెద్ద భాగం మాత్రం హిప్పో అనే మార్గం నుంచి వచ్చింది. ఈ మార్గం మామూలుగా యాప్ అనే ప్రొటీన్‌ను కేంద్రకంలోకి పోనివ్వకుండా బయటే ఆపుతుంది. 2007లో వెలువడిన పరిశోధనల్లో ఎలుకల కాలేయంలో యాప్‌ను అదుపు లేకుండా పనిచేయించినప్పుడు కాలేయం సుమారు నాలుగు రెట్లు పెరిగింది. కొద్దికాలానికే ఆపేస్తే తిరిగి మామూలు కొలతకు వచ్చింది. ఎక్కువకాలం అలాగే ఉంచితే గడ్డలు వచ్చాయి. నాకు ఈ మూడు వాక్యాలూ ఏ పటం కన్నా ఎక్కువ నేర్పాయి. పెంచే సంకేతం కాసేపు ఉంటే పెరుగుదల, ఆగితే ఆరోగ్యం, ఆగకపోతే రోగం.

ఇప్పుడు ఆగనివ్వనిది ఎవరో చూద్దాం. కాలేయ క్యాన్సర్ ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో ఉన్నట్టుండి రావడం తక్కువ. పదింట ఎనిమిది తొమ్మిది మందిలో అప్పటికే సిర్రోసిస్, అంటే గట్టిపడి మచ్చలు కట్టిన కాలేయం, ఉంటుంది. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌లు, మద్యం, మధుమేహంతోనూ స్థూలకాయంతోనూ పేరుకునే కొవ్వు, ఇవి ఏళ్ల తరబడి కాలేయ కణాలను చంపుతుంటాయి. ఆ ఎలుకకు గాయం ఒక్కసారే అయింది. సిర్రోసిస్ వచ్చే మనిషికి గాయం ప్రతిరోజూ అవుతుంది, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు. ప్రతిరోజూ చాటింపు. ప్రతిరోజూ మరమ్మతు. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏను తిరగరాయాలి, తిరగరాసినప్పుడల్లా తప్పులు పడతాయి, ఆ తప్పుల్లో ఒకటి ఎప్పుడో ఒకనాడు ఆపే ఏర్పాటు మీదే పడుతుంది.

ఈ గాయాల మధ్య రెండు సంకేతాలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. ఒకటి టీజీఎఫ్-బీటా. గాయమైన చోట ఇది స్టెలేట్ కణాలనే వాటిని లేపి, పీచులాంటి కొల్లాజెన్‌ను పరిపిస్తుంది. గాయం మానడానికి అది కావలసిందే, అతి అయితే అదే సిర్రోసిస్. తమాషా ఏమిటంటే, మొదటి దశలో టీజీఎఫ్-బీటా కాలేయ కణాలను విభజన చెందవద్దని అదుపు చేస్తుంది. క్యాన్సర్ ముదిరిన తర్వాత, ఆ అదుపును వినడం మానేసిన కణాలకు అదే టీజీఎఫ్-బీటా చోటు వదిలి పాకిపోవడానికి సాయపడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. అందుకే దీన్ని మందుతో అణిచివేద్దామని ఎవరైనా తేలిగ్గా అంటే, ఏ దశలో అని అడగాలి.

రెండోది ఇంటర్‌ల్యూకిన్-6. కాలేయంలో కాపలా ఉండే కుఫర్ కణాలు దీన్ని విడుదల చేస్తాయి, అది స్టాట్-3 అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతుంది. కాలేయ క్యాన్సర్ ఆడవారిలో కన్నా మగవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువని మీకు తెలుసు. మద్యం వల్లనే అని మనం తేల్చేస్తాం. మద్యం తాగని ఎలుకల్లోనూ ఇదే తేడా ఉంది మరి, దానికేమంటారు? ఈస్ట్రోజన్ హార్మోను కుఫర్ కణాల నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 విడుదలను తగ్గిస్తుందని 2007లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపింది. మద్యం పాత్రను తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు, సాయంత్రం దీన్ని సాకుగా ఎవరూ వాడుకోవద్దు.

టెర్ట్ అనే జన్యువు గురించి ఒక్క మాట. క్రోమోజోముల కొనలు విభజనతో అరిగిపోతాయి, పెద్దవారి కాలేయ కణంలో వాటిని తిరిగి అతికే టెలోమరేజ్ అనే ఎంజైము దాదాపు నిద్రలో ఉంటుంది, ఎందుకంటే దాన్ని తయారుచేయించే టెర్ట్ నిద్రలో ఉంటుంది. సుమారు 60 శాతం గడ్డల్లో దాని మీట దగ్గర మ్యుటేషన్ పడి, అది మేల్కొంటుంది. ఇక అరుగుదల భయం లేదు.

ఇప్పుడు మన జిల్లాకు దగ్గరి సంగతికి వద్దాం. పాలమూరు పల్లికాయకు పేరున్న నేల. పంట చివర్లో బెట్ట తగిలినా, తవ్విన కాయ సరిగా ఆరకపోయినా, దాని మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరుతుంది. అది తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని రోగంతో చనిపోతే, కారణం వెతుకుతూ పోయినవారికి దాణాలోని వేరుశనగ పిండిలో ఈ విషం దొరికింది. తిన్న అఫ్లాటాక్సిన్-బి1ను మన కాలేయమే చురుకైన రూపంలోకి మారుస్తుంది, అది డీఎన్‌ఏలోని గ్వానిన్‌కు అంటుకుంటుంది. ఎక్కువగా ఎక్కడ దెబ్బ తీస్తుందంటే, పీ53 జన్యువులో 249వ కోడాన్ (డీఎన్‌ఏ రాతలో మూడక్షరాల మాట) దగ్గర, జీ అనే అక్షరం ఉండవలసిన చోట టీ వస్తుంది. గడ్డలో ఈ మార్పు కనిపిస్తే అఫ్లాటాక్సిన్ వేలిముద్ర దొరికినట్టే. పీ53 పనేమిటి? డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని ఆగమనడం, బాగుపడకపోతే చావమనడం. మళ్లీ అదే, ఆపేవాడి మీదే దెబ్బ. హెపటైటిస్-బి ఉన్నవారు ఈ విషం కూడా తింటే రెండు ముప్పులూ కూడిక కావు, గుణకారమవుతాయి.

హెపటైటిస్-బి వైరస్‌కు సిర్రోసిస్ వరకు ఆగే ఓపిక కూడా లేదు. అది తన డీఎన్‌ఏ ముక్కను మన డీఎన్‌ఏలో, తరచుగా ఇందాక చెప్పిన టెర్ట్ పక్కనే, అతికిస్తుంది. దాని ఎక్స్ ప్రొటీన్ మనం చెప్పుకున్న మార్గాల్లో చాలావాటిని గిల్లుతూ ఉంటుంది. తల్లి నుంచి పుట్టుకలోనే సోకితే పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకినవారిలో అలా ఉండిపోయేది నూటికి ఐదుగురికన్నా తక్కువ. అందుకే పుట్టిన 24 గంటల్లో టీకా. తైవాన్ 1984లోనే పిల్లలకు ఈ టీకా మొదలుపెట్టింది, అక్కడ పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. టీకాతో క్యాన్సర్‌ను ఆపవచ్చని లోకానికి మొదట తెలిసింది అలాగే. మనకు ఈ టీకా అందుబాటు ధరకు రావడంలో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వాక్-బి పాత్ర పెద్దది.

చివరిగా మందులు. 2022లో ప్రపంచంలో సుమారు 8,66,000 మందికి కొత్తగా కాలేయ క్యాన్సర్ వస్తే, అదే ఏడాది సుమారు 7,58,000 మంది దానితో చనిపోయారు. ఆ రెండు అంకెలూ అంత దగ్గరగా ఉండడం చూస్తేనే తెలుస్తుంది, చాలామంది ఆలస్యంగా వస్తున్నారని. ముదిరిన రోగానికి మొదటిసారి పనిచేసిన మాత్ర సొరాఫెనిబ్. రాఫ్‌ను, రక్తనాళాలను పెంచే గ్రాహకాలను అది అడ్డుకుంటుంది. 2008లో ప్రచురితమైన పరీక్షలో మందు లేనివారి మధ్యస్థ జీవితకాలం 7.9 నెలలు, మందు తీసుకున్నవారిది 10.7 నెలలు. నవ్వకండి, అంతకుముందు చూపించడానికి ఆ మాత్రం కూడా లేదు.

ఆ మందు ఖరీదు మన దేశంలో నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉండేది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్సును, అంటే పేటెంటు ఉన్నవారు ఒప్పుకోకపోయినా మరొకరు మందు తయారుచేసుకునే అనుమతిని, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు ఇచ్చారు, ధర నెలకు 8,880 రూపాయలకు దిగింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న కొత్తూరు 2016కు ముందు మన జిల్లాలోదే. ఫార్మసీ విద్యార్థులు కైనేజుల పక్కన ఈ తీర్పును కూడా చదవాలని నా కోరిక.

ఒక మార్గాన్ని మూస్తే రోగం ఎందుకు పూర్తిగా లొంగదు? ఎందుకంటే ఇవి విడివిడి పైపులు కావు, ఒకదానిలోంచి ఒకటి పారే కాలువలు. రాఫ్ దారి మూస్తే ఏకేటీ దారి ఉబ్బుతుంది. ఎంటార్ ఈ రోగంలో బాగా ఉద్రేకంగా ఉంటుందని తెలిసి, దాన్ని అడ్డుకునే ఎవరోలిమస్‌ను పరీక్షించారు, ఆయువు పెరగలేదని 2014లో తేలింది. మ్యుటేషన్లు ఎక్కువగా కనిపించే బీటా-క్యాటెనిన్, పీ53, టెర్ట్ ఈ మూడింటినీ నేరుగా పట్టుకుని కాలేయ క్యాన్సర్‌ను నయం చేసే మందు నేటికీ వాడుకలో లేదు. తర్వాత వచ్చిన మెరుగుదల వేరే దిక్కు నుంచి వచ్చింది. రక్తనాళాల సంకేతాన్ని ఆపే బెవాసిజుమాబ్‌ను, రోగనిరోధక కణాలకు పడిన సంకెళ్లు విప్పే అటెజోలిజుమాబ్‌ను కలిపి ఇచ్చినప్పుడు మధ్యస్థ జీవితకాలం 19.2 నెలలు, అదే పరీక్షలో సొరాఫెనిబ్‌తో 13.4 నెలలు.

రెండు చీటీలు వచ్చాయి. మొదటిది: సిర్రోసిస్ ఉన్నవారికి ముందుగానే ఈ మార్గాలను అడ్డుకునే మందులిచ్చి క్యాన్సర్ రాకుండా చేయలేమా? మంచి ప్రశ్న. చేయడం లేదు, ఎందుకంటే మిగిలిన ఆ కాస్త కాలేయం బతుకుతున్నదే ఈ మరమ్మతు మీద. అందుకే గాయాన్ని ఆపుతాం. హెపటైటిస్-బికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ ముప్పును తగ్గిస్తాయి. హెపటైటిస్-సి చాలామందిలో 12 వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. సిర్రోసిస్ ఉన్నవారు ఆరునెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటే గడ్డ చిన్నగా, కోసి తీయగలిగే స్థితిలో ఉన్నప్పుడే దొరుకుతుంది.

రెండో చీటీ: బూజు పట్టిన పల్లీలు వేయిస్తే విషం పోతుందా? పోదు, కొంత తగ్గుతుంది అంతే, అఫ్లాటాక్సిన్ వేడికి తేలిగ్గా చెడే పదార్థం కాదు. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు కనిపించే గింజలను ఏరి పారేయాలి. ఆ పారేయడం కూడా పశువుల కుడితిలోకి కాదు. ఆ విషాన్ని తిన్న బర్రె కాలేయం దాన్ని ఎం1 అనే రూపంలోకి మారుస్తుంది, అది పాలలోకి దిగుతుంది, ఆ పాలు పొద్దున్నే మీ ఇంటికే వస్తాయి.